గాజు బీరువాలో దేవత

2021 నవంబరు 11న ఢిల్లీలో, ఇండియా గేట్ దగ్గరి జైపూర్ హౌస్‌లో ఒక అప్పగింత జరిగింది. ఆ భవనంలో ఉన్నది నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం ఉత్తరప్రదేశ్ చేతికి ఇచ్చింది మాత్రం ఆధునిక చిత్రం కాదు, జానెడు ఎత్తు కూడా లేని ఓ పాత రాతి విగ్రహం. పదిహేడు సెంటీమీటర్ల అన్నపూర్ణ. ఒక చేతిలో పాయసం గిన్నె, ఇంకో చేతిలో గరిటె. అక్కడినుంచి ఆ తల్లి అలీగఢ్, కన్నౌజ్, అయోధ్యల మీదుగా ఊరేగింపుగా వెళ్లి, నవంబరు 15న కాశీ విశ్వనాథుని ఆలయ ప్రాంగణంలో మళ్లీ ప్రతిష్ఠ పొందింది. వందేళ్లకు పైగా ఆమె ఉన్నది కెనడాలో.

అంత దూరం ఎలా వెళ్లిందో చెప్పాలంటే ఒక సేకర్త మనసులోకి వెళ్లాలి. కెనడాలోని రెజైనా నగరంలో నార్మన్ మెకంజీ అనే న్యాయవాది ఉండేవాడు. కళాఖండాలంటే ప్రాణం పెట్టేవాడు. 1913లో ఇండియాకు వచ్చినప్పుడు గంగ ఒడ్డున రాతి మెట్ల మీద, చిన్న గుడిలో పూజలందుకుంటున్న ఈ విగ్రహాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఆయన మనసులోని మాట విన్న ఒక మనిషి దాన్ని అక్కడినుంచి దొంగిలించి తెచ్చిపెట్టాడు. మెకంజీ 1936లో పోతూ పోతూ రాసిచ్చిన సేకరణ తరవాత రెజైనా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 2019లో దివ్య మెహ్రా అనే కళాకారిణి తన ప్రదర్శన కోసం ఆ సేకరణను పరిశీలిస్తూ, పాత కాగితాల్లో ఈ చోరీ సంగతి కనిపెట్టేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో సంగతి ఉంది. అన్నాళ్లూ మ్యూజియం పట్టీలో ఆ విగ్రహం పేరు విష్ణువు! అమెరికాలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం నిపుణుడు సిద్ధార్థ్ షా చూసి, ఇది స్త్రీమూర్తి, చేతిలో ఉన్నవి గిన్నె, గరిటె, కాబట్టి అన్నపూర్ణ అని తేల్చాడు.

మొక్కేవాళ్లకు దూరమైతే దేవత పేరు కూడా మిగలదన్నమాట. భద్రంగా ఉంచారు, దుమ్ము పడనివ్వలేదు, కొలతలు రాసుకున్నారు. ఆమె ఎవరో మాత్రం మరిచిపోయారు. మరి అన్నేళ్లూ ఆ గాజు వెనుక ఉన్నది దేవతా, వస్తువా? పాత వస్తువుల మీద మమకారం పెంచుకున్న ప్రతి మనిషీ ఏదో ఒక రోజు ఎదుర్కోవలసిన ప్రశ్న ఇది. దేశంలో పాత వస్తువులు బాగా చేతులు మారే చోట్లలో ఢిల్లీ ఒకటి కనుక, ఇక్కడ ఈ ప్రశ్నకు పదును ఎక్కువ.

సుందర్ నగర్ మార్కెట్‌లో పాతకాలపు కళావస్తువుల దుకాణాలు ఉన్నాయి. అమర్ కాలనీలో పాత చెక్క సామాను గుట్టలుగా దొరుకుతుంది. గుర్గావ్, నోయిడా ఫ్లాట్‌ల ముందుగదుల్లోకి వీటిలో చాలా చేరుతున్నాయి: తమిళనాడు చెట్టినాడు ఇళ్లనుంచి ఊడదీసిన తలుపులు, గుడిలో వేలాడిన గొలుసు దీపాలు, పూలు తేలేయడానికి కేరళ ఉరుళి, గోడకు రవివర్మ ప్రెస్ లక్ష్మీ సరస్వతులు. 1894లో బొంబాయిలో రవివర్మ పెట్టిన అచ్చుకూటం నుంచి వచ్చిన ఆ పటాలు మొదట అలంకారానికి కొన్నవి కావు. వాటికి జరీ, చమ్కీలు కుట్టి చీరలు కట్టారు, బొట్లు పెట్టారు, అగరుపొగ పట్టించారు. కొన్నిటి అద్దం కింద కుంకుమ మరకలు ఇంకా ఉంటాయి. పాత పటానికి ధర కట్టేటప్పుడు ఆ మరకను లోపంగా లెక్కించాలా, గుణంగా లెక్కించాలా అన్నది బేరగాడికి వ్యాపార ప్రశ్న. ఇంట్లో తగిలించుకునేవాడికి అది అంతకంటే పెద్దది.

చట్టం దీన్ని ఏళ్లతో కొలుస్తుంది. 1972లో చేసి, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో పెట్టిన పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు పురావస్తువు. విలువైన రాతప్రతికైతే డెబ్భై అయిదేళ్లు చాలు. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. విగ్రహాల వంటివి ఇంట్లో ఉంచుకునేవాడు ఫోటోతో సహా నమోదు చేయించుకోవాలి. దేశం దాటించే హక్కు ప్రైవేటు మనిషికి లేదు. అవసరమైన చట్టమే. అయితే తొంభై అయిదేళ్ల దీపపు కుంది దాని కంటికి ఆనదు. నూట అయిదేళ్లదైతే హఠాత్తుగా జాతి సంపద. ఆ కుంది ముందు ఎన్ని సాయంత్రాలు ఎవరెవరు చేతులు జోడించారో చెప్పే గడి ఏ దరఖాస్తులోనూ ఉండదు.

ఆ గడి మన ఆగమాల్లో ఉంది. రాయి చెక్కగానే దేవుడు కాదు. ప్రాణప్రతిష్ఠ చేసి, ఆవాహన చేశాకే మూర్తి. గర్భగుడికి మరమ్మతులు చేయాలంటే ముందు ఆ శక్తిని కలశంలోకి ఆకర్షించి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో నిలిపి, పని పూర్తయ్యాక తిరిగి తీసుకువెళ్తారు. యాదాద్రిలో భక్తులు ఏళ్ల తరబడి బాలాలయంలోనే దర్శనం చేసుకుని, 2022 మార్చి 28 తరవాత మళ్లీ గుహలోని స్వామిని చూశారు. ఇక వినాయకచవితి సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటింటా మట్టిలోకి స్వామిని పిలిచి, ఉద్వాసన చెప్పి, నీళ్లలో కలిపేస్తాం. అంటే వస్తువుకూ దైవానికీ ఉన్న ముడి వేయడానికీ విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. మనిషి ఇష్టం వచ్చినట్టు తెంచేది కాదు. దొంగ ఉద్వాసన చెప్పి ఎత్తుకుపోడు. అతని దగ్గర కొన్నవాడికి దక్కేది ముడి విప్పని మూర్తి. అన్నపూర్ణకు కాశీలో మళ్లీ ప్రతిష్ఠ చేశారంటే, ఆ ముడిని పద్ధతిగా తిరిగి వేశారన్నమాట.

న్యాయస్థానాలు ఈ మాటను దాదాపు ఇలాగే ఒప్పుకున్నాయి. విగ్రహానికి న్యాయపరమైన వ్యక్తిత్వం ఉందని, దాని హితాన్ని వేరుగా పట్టించుకోవాలని 1925లో ప్రివీ కౌన్సిల్ ఒక కలకత్తా కుటుంబ వివాదంలో చెప్పింది. తంజావూరు ప్రాంతపు పత్తూరులో 1976లో నేలలో దొరికిన నటరాజు లండన్ చేరి, ఒక కెనడా కంపెనీ చేతిలో పడ్డప్పుడు, లండన్ కోర్టులో హక్కుదారుల వరసలో పత్తూరులోని శిథిలమైన గుడి, అందులోని శివలింగం కూడా నిలిచాయి. 1988లో తీర్పు గుడి వైపు వచ్చింది. పై కోర్టూ దాన్ని సమర్థించాక 1991లో స్వామి తిరిగొచ్చాడు. ఇంగ్లండ్ గడ్డమీద శివుడు తన ఆస్తి తాను అడిగి తెచ్చుకున్నాడని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు. మన దేవాదాయ వ్యవహారంలో ఆస్తి దేవుడిది, మనుషులు ధర్మకర్తలు. ఈ ఒక్క ఆలోచనను సేకర్త ఇంటికి కూడా తీసుకుపోవాలి. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

దీనికి అన్నిటికంటే గట్టి పరీక్ష బుద్ధుడి పేరు మీద వచ్చింది. అదీ ఢిల్లీలోనే.

1898 జనవరిలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో నేపాల్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న పిప్రహ్వాలో, విలియం క్లాక్స్‌టన్ పెపే అనే ఆంగ్లేయ జమీను నిర్వాహకుడు ఒక స్తూపాన్ని తవ్వించాడు. పెద్ద ఇసుకరాతి పెట్టె బయటపడింది. అందులో సబ్బురాతి భరిణెలు, చేప ఆకారపు పిడి ఉన్న స్ఫటిక భరిణె, ఎముకల ముక్కలు, బూడిద, దాదాపు 1,800 రత్నాలు, ముత్యాలు, బంగారు రేకులు. ఒక భరిణె మీద బ్రాహ్మీలో, ఇవి శాక్యుల బుద్ధ భగవానుడి అవశేషాలని రాసి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం ఎముకలను సయాం రాజు చులాలాంగ్‌కార్న్‌కు ఇచ్చింది. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా ఇండియన్ మ్యూజియానికి వెళ్లాయి. అయిదో వంతు దాకా, ఒకే మాదిరివి ఒకటికంటే ఎక్కువ ఉన్నాయని చెప్పి, పెపేకే వదిలిపెట్టారు. ఒక బౌద్ధ నిక్షేపాన్ని ఇలా ముక్కలు చేయడంలోనే అసలు పొరపాటు ఉంది. ఎముక మతానికి, రత్నం చరిత్రకు, మిగులు తవ్వించినవాడికి అని పంచారు. స్తూపంలో పెట్టినవాళ్లు అలా పంచి పెట్టలేదు. పూజగా సమర్పించిన రత్నం అవశేషంతో ఒకటై, లోకం ఉన్నన్నాళ్లూ ఆ చీకట్లోనే ఉండాలని పెట్టారు.

నూట ఇరవై ఏడేళ్ల తరవాత, 2025 మే 7న, పెపే వంశీకుల దగ్గరున్న ఆ రత్నాలు హాంకాంగ్‌లో సదబీస్ వేలానికి వచ్చాయి. భారత ప్రభుత్వం నోటీసు పంపింది. బౌద్ధ పండితులు, భిక్షువులు అభ్యంతరం చెప్పారు. వేలం ఆగింది. జులై 30న రత్నాలు ఇండియా చేరాయని ప్రభుత్వం ప్రకటించింది. గోద్రెజ్ కుటుంబానికి చెందిన పిరోజ్‌షా గోద్రెజ్ వాటిని కొని, పెద్ద భాగాన్ని అయిదేళ్లపాటు ఢిల్లీ జాతీయ మ్యూజియానికి అరువుగా ఇచ్చేట్టు ఏర్పాటు జరిగింది. 2026 జనవరి 3న ఢిల్లీ కిలా రాయ్ పిథోరా సాంస్కృతిక ప్రాంగణంలో ప్రధాని ప్రారంభించిన ప్రదర్శనలో ఈ రత్నాలు, కలకత్తా భరిణెలు, జాతీయ మ్యూజియంలోని అవశేషాలు ఒకే కప్పు కిందికి వచ్చాయి.

జాతీయ మ్యూజియంలో అవశేషాలు ఎక్కడివి అంటే, అవీ పిప్రహ్వావే. 1971 నుంచి 1973 దాకా కె.ఎం. శ్రీవాస్తవ అదే స్తూపాన్ని ఇంకా లోతుగా తవ్వినప్పుడు మరికొన్ని భరిణెలు, ఇరవై రెండు ఎముక ముక్కలు దొరికాయి. వాటిలో ఇరవై జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియంలో, థాయ్‌లాండ్ కానుకగా పంపిన బంగారు పూత మండపంలో ఉన్నాయి. ఆ గదిలో చూడవలసిన దృశ్యం ఒకటి ఉంటుంది. బడిపిల్లల బృందం ఆ మండపాన్ని వస్తువుగా చూసి ముందుకు సాగుతుంది. బౌద్ధ దేశాల యాత్రికుడు అదే చోట మోకరిల్లుతాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

ప్రభుత్వ కాగితాల్లో ఈ ఎముకలు ‘ఏఏ’ (AA) శ్రేణి పురావస్తువులు. సున్నితమైనవి కనుక విదేశీ ప్రదర్శనకు పంపకూడదని నియమం. అయినా 2022 జూన్‌లో నాలుగు ముక్కలను వాయుసేన విమానంలో మంగోలియాకు తీసుకువెళ్లారు. వాటికి ఇచ్చిన హోదా రాజ్య అతిథి. వస్తువుకు అతిథి హోదా ఇవ్వరు. మ్యూజియం చిట్టాలో సంఖ్యగా ఉన్నది, విమానం ఎక్కేసరికి గౌరవనీయమైన వ్యక్తి అయింది. ఉలాన్‌బాటర్‌లోని గందన్ విహారంలో దిగేసరికి భక్తులకు సాక్షాత్తూ తథాగతుడైంది. పేర్లు మారినా ఎముక మారలేదు. దాని చుట్టూ ఉన్న బాంధవ్యం మారింది. పవిత్రత రాతిలోనో ఎముకలోనో గడ్డకట్టి ఉంటుందని నమ్మేవాళ్లకూ, అంతా మన భ్రమ అనేవాళ్లకూ మధ్య ఇంకో దారి ఇక్కడ కనిపిస్తుంది. పవిత్రత ఒక సంబంధం. దాన్ని నిలబెట్టుకునే మనుషులు, చోటు, ఆచారం ఉండాలి.

బౌద్ధులు దీన్ని ఎంత సూక్ష్మంగా ఆలోచించారంటే, పూజనీయమైన వాటిని మూడుగా విభజించారు. శరీర ధాతువులు ఒకటి. బుద్ధుడు వాడుకున్నవి, అంటే పాత్ర, చీవరం, బోధివృక్షం వంటివి రెండోవి, వీటిని పారిభోగికాలన్నారు. ఆయనను తలపించడానికి చేసిన ప్రతిమలు మూడోవి. కుశీనగరంలో దహనం తరవాత ధాతువుల కోసం రాజులు పోట్లాటకు దిగితే, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది భాగాలు చేసి పంచాడని కథ. అతనికి మిగిలింది కొలిచిన కుండ. దానికే స్తూపం కట్టుకున్నాడు. ఆ కుండకు శిల్పం లేదు, రత్నం లేదు. అది చేసిన పనివల్లే గౌరవం వచ్చింది.

ఇలా చూస్తే అమర్ కాలనీ గుట్టల్లోని మామూలు వస్తువుకు కూడా ఒక స్థానం దొరుకుతుంది. ఏ దేవుడి బొమ్మా లేని అడకత్తెర, కాటుక భరిణె, గంధపు సాన, చిలుకు కవ్వం. ఏళ్ల తరబడి చేతులు తాకి అరిగిన అంచులు. తెలుగువాళ్ల ఇళ్లలో మందాసనం సంగతి తీసుకోండి. దేవుళ్లను పూజగదిలోని కొత్త పాలరాతి మందిరానికి మార్చాక, ఖాళీ అయిన చెక్క మందాసనం ఏమవ్వాలి? ఎవరో కొని ఫ్లవర్‌వాజు పెట్టుకుంటే అపచారమా? అపచారం అనలేం. దేవుళ్లను మార్చడంతో దాని పని ముగిసింది. అయినా నాలుగు తరాలు దాని ముందు కూర్చున్నాయని తెలిసి ఉంచుకోవడానికీ, తెలియకుండా ఉంచుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఆ తేడాను ఢిల్లీలో ఒక సేకర్త చాలా గంభీరంగా తీసుకున్నాడు. ఓ.పి. జైన్ 1978లో సంస్కృతి ప్రతిష్ఠాన్ స్థాపించాడు. మెహ్‌రౌలీ - గుర్గావ్ దారిలోని ఆనందగ్రామ్‌లో నిత్యజీవిత కళకు, మట్టిబొమ్మలకు, నేతకు మ్యూజియంలు ఏర్పాటు చేశాడు. రాజుల కత్తులు, కిరీటాలు కావు ఆయన ఏరినవి; దీపాలు, గరిటెలు, తాంబూలపు పెట్టెలు, హుక్కాలు, ఇంటి దేవుళ్లు, పిల్లల ఆటవస్తువులు. ఇలాంటివాళ్లు లేకపోతే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు. స్టీలు వచ్చాక పాత ఇత్తడి, కంచు దేశమంతటా బరువు లెక్కన కొలిమికి పోయాయి. అందుకే సేకరణ అంటేనే లోభం అని తేల్చేసేవాళ్ల మాట సగమే నిజం. హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ జీవితమంతా ఏరినవి 1951లో జనం ముందుకు రావడంవల్ల ఎన్ని తరాల కళ్లు తెరుచుకున్నాయో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

మిగతా సగం నిజాన్ని జైనులు చెప్పారు. ఎర్రకోట ఎదుట చాందినీ చౌక్‌లో లాల్ మందిర్ ఉంది. ఆ దిగంబర సంప్రదాయంలో మునికి నెమలీకల పింఛం, కమండలం, శాస్త్రగ్రంథం తప్ప మరేమీ సొంతం కావు. గృహస్థుకు అంత కఠినమైన నియమం లేదు. ఇంతకంటే ఎక్కువ కూడబెట్టనని తనకు తానే హద్దు గీసుకోవాలి, అంతే. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి పరిగ్రహాన్ని వస్తువుల లెక్కతో కాకుండా మమకారపు మైకంతో నిర్వచించాడు. వ్యాపారం చేసే సమాజంలో నిలిచిన ధర్మం కాబట్టి ఆ నిర్వచనానికి బరువు ఎక్కువ. సేకర్త జబ్బు ఎక్కడ మొదలవుతుందో అది సరిగ్గా పట్టుకుంది. వస్తువు ముఖ్యం కాకుండా పోయి, అది నా దగ్గర ఉండటమే ముఖ్యమైనప్పుడు. మెకంజీ గంగ ఒడ్డున ఆ మూర్తిని మళ్లీ మళ్లీ చూసి వెళ్లిపోయి ఉంటే, అతని కళాభిరుచికి ఏ లోటూ వచ్చేది కాదు.

ఈ మైకం తెలుగు నేలనూ తాకింది. ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి సున్నపురాతి ఫలకం ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను చెక్కినది, స్థల మ్యూజియం నుంచి చోరీ అయి, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. న్యూయార్క్ వ్యాపారికి ఆ గ్యాలరీ చెల్లించిన ధర 5,95,000 డాలర్లు. దాని మూలం మీద నిజాలు బయటపడ్డాక 2016లో కాన్‌బెరాలో భారత సాంస్కృతిక మంత్రికి అప్పగించింది. పదిహేడు వందల ఏళ్ల క్రితం గుండ్లకమ్మ దగ్గర ఎవరో కొండ మీది స్తూపం కోసం చేయించిన ఆ రాయి మీద చేతులు జోడించి నిలిచినవాళ్లు మన పూర్వీకులు. వాళ్లు ఎటు తిరిగి నమస్కరిస్తున్నారో ఆ స్తూపమే లేనిచోట ఆ ఫలకానికి సగం అర్థం పోతుంది. కొనేటప్పుడు గ్యాలరీ వేయవలసిన మొదటి ప్రశ్న, వీళ్లు ఎవరికి మొక్కుతున్నారు అన్నదే. ఆ ప్రశ్న వేసి ఉంటే చందవరం పేరు తప్పకుండా ఎదురయ్యేది.

అలంకారం మోజులో ఈ ప్రశ్న వేయనిచోటు ఇంకొకటి ఉంది. ఢిల్లీ, గుర్గావ్ దుకాణాల్లో ఇప్పుడు బుద్ధుడి తలలు విరివిగా అమ్ముతారు. ఫైబర్‌వి, రాతివి, తోటకు, స్నానాలగదికి, రిసెప్షన్ బల్లకు. ఇవి కొత్తగా చేసినవే, చోరీ సరుకు కాదు. అయినా తల ఒక్కటే అలంకారం ఎలా అయింది? ఆగ్నేయాసియాలోని శిథిల విహారాల్లో మొండేలనుంచి నరికి, మోయడానికి వీలుగా తెచ్చి అమ్మిన తలలు పాశ్చాత్య సేకర్తల అరల్లో నిలిచాక, ఆ తెగిన రూపమే ఫ్యాషన్ అయి అచ్చు పోసుకుంది. బాంకాక్‌లో బుద్ధుడు అలంకారానికి కాదని దారి పొడవునా పెద్ద బోర్డులు పెట్టి చెప్పవలసి వచ్చింది. ప్రశాంతత కోసమని ఆ తలను కొనేవాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేదు. ఆ మెడ దగ్గర ఏం జరిగిందో తెలిస్తే చాలామంది పూర్తి విగ్రహాన్నే ఎంచుకుంటారు.

కాబట్టి ధర్మకర్తగా ఉండటం అంటే ఏమిటో దుకాణంలోనే మొదలుపెట్టాలి. ఇది ఎక్కడినుంచి వచ్చింది, అక్కడివాళ్లు అమ్మారా, పోగొట్టుకున్నారా, పూజలో ఉన్నదా, దాని పాత ఫోటోగానీ రసీదుగానీ ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు రాకపోతే బేరం ఆపేయాలి. ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటికి చట్టం కోరే నమోదు చేయించడం, తాతమ్మ వస్తువైతే ఆమె పేరు, ఊరు, దాన్ని వాడిన పని ఒక కాగితం మీద రాసి లోపల అతికించడం అంతకంటే కష్టమైన పనులేం కావు. మెకంజీ దగ్గర చేరిన అన్నపూర్ణకు కాశీ దారి చూపించింది కూడా చివరికి పాత కాగితాలే.

పిప్రహ్వా రత్నాల కథ ఇంకా పూర్తి కాలేదు. అరువు గడువు అయిదేళ్లు. 2030 తరవాత అవి ఎవరి ఆధీనంలో, ఏ హోదాలో, ఎవరి దర్శనానికి ఉంటాయన్నది కొన్నవారు, ప్రభుత్వం, బౌద్ధ సంఘం కలిసి తేల్చవలసిన విషయం. జన్‌పథ్ మ్యూజియంలోని ఎముకల మండపానికి పక్కనే వాటికి శాశ్వతంగా చోటిస్తే, 1898లో మూడు ముక్కలుగా పంచినదాంట్లో ఇండియాలో మిగిలినదాన్నైనా కొంత ఒకచోట చేర్చినట్టవుతుంది. చట్టం అడగకపోయినా ఆ పని చేయడానికి కావలసిన అధికారం, వనరులు, సద్భావం ఇప్పుడు ఉన్నాయి.